మొలతాడు నుంచి ఎలాస్టిక్ దాకా: మగవారి లోదుస్తులూ చర్మం గోడూ

మగవారి లోదుస్తు చేయవలసిన పనులు ఏ కాలంలోనైనా రెండే: అవయవాలను ఊగిపోకుండా పట్టి ఉంచడం, పట్టి ఉంచుతున్న సంగతి ఒంటికి తెలియనివ్వకపోవడం. ఆరోగ్యమైన చర్మం ఉన్నవారికి ఈ రెండూ ఒకే బట్టలో సులువుగా కుదురుతాయి గాని, ఎగ్జిమాకు లోనయ్యే చర్మానికి అంత తేలికగా కుదరవు; పట్టి ఉంచడమంటే ఎక్కడో ఒకచోట బిగించడమే, బిగువున్న చోట ఒరిపిడీ చెమటా చేరతాయి, అవి చేరిన చోట దురద మొదలవుతుంది. ఎగ్జిమా అంటే చర్మం పొడిబారి, ఎర్రబారి, దురదపెట్టి, గోకినకొద్దీ రసి కారి చివరికి మందంగా మారే వాపు. అది అంటువ్యాధి కాదు, ఆ పేరు పొంగిపొర్లడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. లోదుస్తుల చరిత్రను మర్యాద చరిత్రగానో, ఫ్యాషన్ చరిత్రగానో, క్రీడల చరిత్రగానో రాయడం పరిపాటి. చర్మం వైపు నుంచి చూస్తే అదే చరిత్ర మరోలా కనిపిస్తుంది: ఉన్ని మేలా నూలు మేలా అని పండితులు తరాల తరబడి వాదించుకుంటూ ఉండగా, హానిలో పెద్ద భాగం బట్టకు తగిలించిన పట్టీల నుంచీ, పూసిన రంగుల నుంచీ, ఉతికిన తీరు నుంచీ వచ్చింది.

తెలుగునాట ఈ కథ గోచితో మొదలవుతుంది. గోచి, కౌపీనం, కచ్చడం, లంగోటీ అని సందర్భాన్ని బట్టి, కట్టుకునేవారిని బట్టి పేర్లు మారినా నిర్మాణం ఒకటే: నడుముకు ఒక మొలతాడు, దాని కింది నుంచి తొడల మధ్యగా పోయే సన్నని గుడ్డపేలిక, ముందూ వెనకా తాటిలో దోపిన కొసలు. కుస్తీ పట్టేవారి లంగోటా దీనికే బలమైన రూపం. ముక్కోణపు గుడ్డకు పొడుగాటి పట్టీలు కుట్టి, వాటిని నడుము చుట్టూ తిప్పి బిగించి కట్టడంతో గజ్జలకు గట్టి ఆధారం దొరికేది. ఈ కట్టులో కొలత అనే మాటే లేదు. ఏ రోజుకా రోజు, ఏ పనికా పని, బిగువును చెయ్యే నిర్ణయించేది. పైగా గోచికి వాడేది సాధారణంగా పాత పంచె చింపిన గుడ్డ, అంటే ఎన్నోసార్లు నీళ్లలో నలిగి గంజీ గరుకుదనమూ వదిలిన నూలు. కొత్త బట్టను ఒకటి రెండుసార్లు ఉతికిన తర్వాతనే ఒంటికి తగలనివ్వమని నేటి చర్మవైద్యులు చెప్పే మాటను బీదరికం అప్పట్లో తనంతట తానే అమలు చేయించింది.

అయితే గోచిని ఆరోగ్యరహస్యంగా పొగడడం చరిత్ర కాదు. చెమటకూ స్నానానికీ తడిసిన మొలతాడు ఆరక నడుము చుట్టూ ఒరుసుకునేది. పొలంలో మోకాటి లోతు నీళ్లలో నిలబడి పనిచేసేవాడి తొడల సందున మడత పడిన తడిగుడ్డ శిలీంధ్రానికి, అంటే బూజు జాతి సూక్ష్మజీవికి, అనువైన చోటు. ఇక్కడే భాష కూడా ఒక చిక్కు తెచ్చిపెట్టింది. తెలుగులో ‘తామర’ అనే మాటను ఎగ్జిమాకూ వాడతారు, శిలీంధ్రం వల్ల వచ్చే గుండ్రని మచ్చలకూ వాడతారు. మొదటిది చర్మం లోపలి బలహీనత, రెండోది బయటి నుంచి అంటుకున్న జీవి. ఈ పొరపాటుకు తెలుగువారిని మాత్రమే తప్పుపట్టనక్కరలేదు. ఆధునిక చర్మవైద్యానికి పునాది వేసినవారిలో ఒకడైన వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా 1860లో గజ్జల్లో అంచుకట్టి వ్యాపించే మచ్చను వర్ణించి దానికి ‘ఎగ్జిమా మార్జినేటమ్’ అని పేరు పెట్టాడు, అది ఎగ్జిమా కాదనీ శిలీంధ్రమేననీ తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఈ తేడా పండితుల తగవుగా మిగిలిపోలేదు. ఎగ్జిమాను తగ్గించే స్టిరాయిడ్ లేపనం శిలీంధ్రాన్ని పెంచుతుంది. భారతదేశంలో మందుల దుకాణాల్లో అడిగినవారికల్లా దొరికిన మిశ్రమ లేపనాల వల్ల మొండి తామర ఎంతగా వ్యాపించిందంటే, దానికి కారణమైన జీవికి 2020లో జపాన్ పరిశోధకులు ‘ట్రైకోఫైటాన్ ఇండోటినియే’ అని దేశం పేరు కలిపి నామకరణం చేశారు.

బట్ట ఒంటిమీద ఎలా ప్రవర్తిస్తుందో సగం నిర్ణయించేది చాకిరేవు. సబ్బు బిళ్ల ఊళ్లకు రాకముందు రజకులు చౌడుమన్ను కలిపిన నీళ్లలో బట్టలు తడిపి, ఉబ్బ వేసి, అంటే కాగులో ఆవిరికి ఉడికించి, బండమీద బాది, పారే నీటిలో జాడించేవారు. చౌడులో ఉండేది క్షారం. మురికిని విడదీయడంలో దానికి సాటి లేదు గాని, సరిగా జాడించకపోతే బట్టలో మిగిలిపోతుంది. మనిషి చర్మపు పైపొర స్వభావసిద్ధంగా కొద్దిపాటి ఆమ్లగుణం కలిగి ఉంటుందని, అదే దానికి ఒక రక్షణకవచమని 1928లో జర్మన్ పరిశోధకులు షాడే, మార్కియోనీనీ ప్రతిపాదించారు. ఆ కవచాన్ని క్షారం చెరుపుతుంది కనుక, ఎగ్జిమా ఉన్నవారికి ఏ బట్ట కొన్నారన్న దానితో పాటు ఎన్ని నీళ్లలో జాడించారన్నదీ ముఖ్యమైంది. పారే నీటిలో ఉతికిన రేవు ఈ విషయంలో బకెట్టు కంటే, తక్కువ నీటితో తిరిగే నేటి కొన్ని యంత్రాల కంటే కూడా మెరుగే.

రేవు నుంచి వచ్చిన అసలు ఇబ్బంది ఉతుకుడులో లేదు, గుర్తులో ఉంది. పది ఇళ్ల బట్టలు కలిసిపోకుండా ఉండడానికి రజకులు నల్లజీడి గింజను సూదితో పొడిచి, దాని రసంతో బట్ట మూలన చిన్న చుక్కో గీతో పెట్టేవారు. ఆ నలుపు ఎన్ని ఉబ్బలకూ పోదు. పోని ఆ నలుపులోనే ప్రమాదం ఉంది. నల్లజీడి రసంలోని నూనె గుణపు పదార్థాలు జీడిమామిడి పెంకులోని రసానికీ, అమెరికాలో ‘పాయిజన్ ఐవీ’ అనే తీగలోని విషానికీ దగ్గరి చుట్టాలు. వాటికి ఒకసారి సున్నితత్వం పెంచుకున్న చర్మం మళ్లీ తగిలినప్పుడల్లా బొబ్బలెక్కుతుంది. చిన్నప్పటి నుంచి ఆ తీగతో పరిచయమున్న అమెరికన్ సైనికులు రెండో ప్రపంచయుద్ధ కాలంలో భారతదేశానికి వచ్చి ఇక్కడి రేవుల్లో బట్టలు వేసినప్పుడు, సరిగ్గా గుర్తు తగిలే చోట్ల, అంటే మెడ వెనకా నడుము దగ్గరా, వాపు కనిపించింది. సైన్యవైద్యులు 1943లో అమెరికా వైద్యసంఘ పత్రికలో దానిని ‘దోబీ గుర్తు చర్మవాపు’ పేరుతో వివరించారు. అంతకు చాలా ముందే ఇంగ్లీషువారు గజ్జల్లోని శిలీంధ్రపు తామరకు ‘దోబీ దురద’ అని పేరు పెట్టి నింద రజకుడి మీద వేశారు. రెండూ రెండు వేర్వేరు జబ్బులు. మొదటిదానిలో రేవుకు నిజంగా పాత్ర ఉంది. రెండోదానికి ఉష్ణదేశపు చెమటలో బిగుతు బట్టలు వదలని యజమాని అలవాటు చాలు.

ఆ అలవాటు వెనక ఒక సిద్ధాంతం ఉంది. ఒంటికి చలి తగిలితే కడుపులో జబ్బులు పుడతాయని నమ్మిన బ్రిటిష్ సైన్యం, 19వ శతాబ్దంలో భారతదేశంలోని తన సైనికులకు ‘కలరా బెల్టు’ అనే ఉన్ని ఫ్లానెల్ పట్టీని నడుముకు చుట్టించింది. కలరాకు సూక్ష్మజీవి కారణమని రాబర్ట్ కాఖ్ 1883–84లో ఈజిప్టులోనూ కలకత్తాలోనూ నిరూపించిన తర్వాత కూడా ఆ పట్టీ చాలా ఏళ్లు సైనికుల నడుములను వదలలేదు. మే నెల ఎండలో ఉన్ని పట్టీ చుట్టుకున్న మనిషికి చెమటకాయలు తప్ప మరేమి దక్కి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఉన్ని మీద ఈ భక్తికి శాస్త్రం రూపం ఇచ్చినవాడు స్టుట్‌గార్ట్‌కు చెందిన జంతుశాస్త్రజ్ఞుడు గుస్టాఫ్ యేగర్. మనిషి జంతువు కనుక జంతువు బొచ్చే అతని చర్మానికి సహజమైన తోడు అనీ, నూలు, నార వంటి మొక్కల పోగులు శరీరం విడిచే చెడు ఆవిరులను లోపలే పట్టి ఉంచుతాయనీ అతడు 1880లో ప్రచురించిన పుస్తకంలో వాదించాడు. లూయిస్ టొమాలిన్ అనే వర్తకుడు ఆ సిద్ధాంతానికి ముగ్ధుడై 1884లో లండన్‌లో యేగర్ పేరిట ఉన్ని దుస్తుల దుకాణం తెరిచాడు. నాటకకర్త జార్జ్ బెర్నార్డ్ షా ఆ దుస్తులు ధరించి వీధిలో నడిచిన ప్రసిద్ధుల్లో ఒకడు. యేగర్ తర్కంలో నిలిచేది తక్కువే అయినా, బట్టకు రంగు వేయరాదని అతడు పట్టుబట్టడం మాత్రం సున్నితమైన చర్మానికి అనుకోకుండా చేసిన మేలు. ప్రతివాదం కూడా జర్మనీ నుంచే వచ్చింది: డ్రెస్డెన్ దగ్గర ప్రకృతివైద్యశాల నడిపిన హైన్రిక్ లాహ్‌మన్ ఉన్ని చర్మాన్ని రేపుతుందని చెప్పి, వదులుగా అల్లిన నూలు లోదుస్తులను ప్రచారం చేశాడు. ఇంగ్లండులోని లాంకషైర్‌లో 1888లో లూయిస్ హాస్లామ్, అతని సహచరులు గళ్లగళ్లుగా గాలి నిలిచే నూలుబట్టను తయారుచేశారు. ‘ఎయిర్‌టెక్స్’ పేరుతో స్థిరపడిన ఆ బట్ట, వెచ్చదనం బరువులో కాక పోగుల మధ్య నిలిచిన గాలిలో ఉందని చూపి, ఉన్నికున్న ప్రధానబలాన్ని తగ్గించింది.

ఈ వాదన తేలడానికి ఇంకో వంద సంవత్సరాలు పట్టింది. ఉన్ని గుచ్చుకోవడానికి కారణం అది ఉన్ని కావడం కాదు, పోగు లావు. సుమారు 30 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూటికి మూడు వంతులు, దాటిన పోగుల కొసలు వంగకుండా చర్మంలోని నొప్పినరాలను తాకుతాయని 1980లలో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అతిసన్నని మెరినో ఉన్ని ఎగ్జిమా ఉన్నవారిలో చాలామందికి పడుతుందని తర్వాతి పరీక్షల్లో తేలింది. అయినా ఎగ్జిమాలో ప్రధాన రకమైన ‘అటోపిక్ డెర్మటైటిస్’ను గుర్తించడానికి 1980లో హానిఫిన్, రాయ్‌కా రూపొందించిన లక్షణాల పట్టికలో, చెమట పట్టినప్పుడు దురద రావడంతో పాటు ఉన్ని పడకపోవడం కూడా చోటు చేసుకుంది, మామూలు ఉన్ని విషయంలో లాహ్‌మన్ మాటే గెలిచిందన్నమాట.

ఆధారం సమస్యను మాత్రం పోగు పరిష్కరించలేదు, అల్లిక పరిష్కరించింది. మగ్గం మీద నేసిన బట్టలో పడుగూ పేకా అడ్డంగా నిలువుగా బిగిసి ఉంటాయి కనుక అది సాగదు. అల్లిన బట్టలో ఒకే దారం ఉచ్చుల్లో ఉచ్చుగా పోతుంది కనుక సాగి మళ్లీ ముడుచుకుంటుంది. 1589లో ఇంగ్లండులో విలియం లీ అల్లికచట్రాన్ని కనిపెట్టగా, 1750ల చివరలో జెడెడయా స్ట్రట్ గాళ్లు గాళ్లుగా సాగే ‘రిబ్’ అల్లికకు యంత్రం జోడించాడు. 19వ శతాబ్దపు అమెరికాలో ఇది మెడ నుంచి మడమ దాకా ఒకే ముక్కగా ఉండే ‘యూనియన్ సూట్’ రూపం తీసుకుంది. చలికి అది మంచిదే, ఆధారానికి శూన్యం. రాళ్లు పరచిన బోస్టన్ వీధుల్లో సైకిలు తొక్కేవారి కోసం 1874లో షికాగోకు చెందిన షార్ప్ అండ్ స్మిత్ సంస్థలో సి.ఎఫ్. బెన్నెట్ రూపొందించిన జాక్‌స్ట్రాప్ ఇందుకు పూర్తి విరుద్ధం: బట్ట దాదాపు లేదు, ఉన్నదంతా పట్టీలే. లంగోటా ఎరిగిన తెలుగు పాఠకుడికి దానిలో కొత్తగా కనిపించేది ఒక్క సాగేగుణమే.

ఆ రెండింటి నడిమి దారి 1935లో దొరికింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషా పట్టణపు కూపర్స్ కంపెనీలో పనిచేసే ఆర్థర్ నీబ్లర్, ఫ్రాన్సు సముద్రతీరం నుంచి వచ్చిన ఒక పోస్టుకార్డు మీద పొట్టి ఈతదుస్తులో ఉన్న మనిషి బొమ్మ చూసి, కాళ్లు లేని, ముందు భాగంలో తలకిందుల ‘వై’ ఆకారపు కుట్టు ఉన్న నూలు బ్రీఫ్‌ను రూపొందించాడు. జాక్‌స్ట్రాప్‌ను గుర్తుచేస్తూ దానికి ‘జాకీ’ అని పేరు పెట్టారు. 1935 జనవరి 19న షికాగోలోని మార్షల్ ఫీల్డ్ దుకాణంలో, మంచుతుపాను రోజున, అమ్మకానికి పెట్టిన ఆరు వందల పొట్లాలు మధ్యాహ్నానికే అయిపోయాయని కంపెనీ చరిత్ర చెబుతుంది. దానికి పదేళ్ల ముందు జేకబ్ గోలోంబ్ అనే ఎవర్లాస్ట్ సంస్థ స్థాపకుడు బాక్సర్ల తోలుబెల్టు నిక్కరుకు ఎలాస్టిక్ నడుము తగిలించి, తర్వాత ‘బాక్సర్’గా పేరుపడిన వదులు డ్రాయరుకు దారి వేశాడు. ఒకటి బిగువు, మరొకటి వదులు. రెండింటిలోనూ నడుమును పట్టి ఉంచేది రబ్బరే.

చర్మానికి కొత్త శత్రువు ప్రవేశించింది ఈ రబ్బరుతోనే. థామస్ హాంకాక్ 1820లోనే చేతి తొడుగులకూ మేజోళ్లకూ రబ్బరు పట్టీలు పెట్టే పద్ధతికి పేటెంటు పొందాడు గాని, పచ్చి రబ్బరు ఎండకు జిగురై చలికి పెళుసైపోయేది. చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కాచి దానిని స్థిరపరిచిన తర్వాత, ఆ ప్రక్రియను వేగిరపరచడానికి 20వ శతాబ్దంలో థయురామ్‌లు, కార్బమేట్‌లు వంటి రసాయనాలు చేర్చారు. ఇవి పట్టీలో కొంత మిగిలి చెమటలో కరిగి చర్మంలోకి దిగుతాయి. దిగే చోటు కూడా సామాన్యమైనది కాదు: వృషణాల మీది చర్మం ముంజేతి చర్మం కంటే 42 రెట్లు ఎక్కువగా హైడ్రోకార్టిసోన్‌ను పీల్చుకుంటుందని 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ కొలిచి చెప్పారు, మందును అంతగా రానిచ్చే తలుపు ఇతర రసాయనాలకు మూసి ఉంటుందనుకోలేము. అన్నిటికంటే విచిత్రమైన సంగతి 1975లో బయటపడింది. కొత్తగా ఉన్నప్పుడు ఏ బాధా పెట్టని లోదుస్తుల ఎలాస్టిక్, ఇంట్లో క్లోరిన్ బ్లీచుతో ఉతికాక కొందరికి నడుము చుట్టూ తీవ్రమైన వాపు తెచ్చింది. రబ్బరులోని ఒక కార్బమేటు బ్లీచుతో కలిసి పూర్తిగా కొత్త పదార్థంగా మారుతోందని, అలర్జీ ఆ కొత్త పదార్థానికేనని జోర్డన్, బూర్లాస్ అనే పరిశోధకులు నిరూపించారు. తెల్లదనం కోసం పడిన తాపత్రయమే బట్టను చెరిపిందన్నమాట. 1958లో డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన స్పాండెక్స్, వాడుకలో లైక్రా, రబ్బరు కాని సాగే పోగు కావడం వల్ల ఈ బాధ చాలావరకు తగ్గింది. కాని అది ఒంటికి అంటుకుపోయేంత బిగువును చవక చేసి, చెమటనూ ఒరిపిడినీ మళ్లీ పెంచింది.

భారతదేశంలో ఈ మార్పులన్నీ కొంత ఆలస్యంగా, కొంత కలగాపులగంగా వచ్చాయి. బనీను అనే మాటే ఒక ప్రయాణం చేసింది: బనియా వర్తకుల పేరు యూరోపియన్ల నోట పలచని అంగీకి పేరై, 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు నాటికే అల్లిన లోచొక్కాకు పేరుగా స్థిరపడి, తిరిగి తెలుగులోకి వచ్చింది. దేశంలో మొదటి అల్లిక కర్మాగారం 1893లో కలకత్తా శివారు ఖిదిర్‌పూర్‌లో వెలసిందని చెబుతారు. 1920లలో అల్లికయంత్రాలు తమిళనాడులోని తిరుప్పూరుకు చేరాయి. తెలుగు ఊళ్లలో మాత్రం చాలాకాలం దర్జీ కుట్టిన నాడా డ్రాయరే చెల్లింది. చారల పాప్లిన్ గుడ్డ, మోకాటికి పైన ఆగే వదులు కాళ్లు, నడుము గొట్టంలో దూర్చిన నూలు నాడా: ఆధారం తక్కువే అయినా, గాలి ఆడేది, రబ్బరు లేనిది. హోజరీ డ్రాయర్లు బజారులో చవకగా దొరకడం మొదలయ్యాక నాడా పల్లెటూరితనానికి గుర్తుగా మారి వెనకబడింది.

తిరుప్పూరు తొలి కీర్తి తెల్ల బనీనుది. 1970ల చివర ఎగుమతులు మొదలయ్యాక రంగుబట్టలకు గిరాకీ పెరిగి, అద్దకం కర్మాగారాల ఉప్పునీరు నొయ్యల్ నదిని పాడుచేయగా, 2011లో మద్రాసు హైకోర్టు ఆదేశంతో అవి మూతపడవలసి వచ్చింది. నదిని చెరిపిన రంగుకూ చర్మాన్ని రేపే రంగుకూ తేడా ఉంది. నూలుకు అద్దే రంగులు చాలావరకు పోగుతో గట్టిగా కలిసిపోతాయి. పాలియెస్టరుకు వాడే ‘డిస్పర్స్’ రంగులు అలా కలవవు కనుక చెమటకు వదులుతాయి, వాటిలో నీలిరంగులు కొన్ని బట్ట అలర్జీకి పేరుమోసినవి. నల్లటి, ముదురు నీలపు సింథటిక్ లోదుస్తు మురికి కనపడదని కొనేవారికి ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. 1992లో ఆస్ట్రియా, జర్మనీ సంస్థలు కలిసి నెలకొల్పిన ‘ఓకో-టెక్స్ 100’ ముద్ర హానికరమైన పదార్థాల పరిమితిని పరీక్షించి ఇచ్చేది. తిరుప్పూరు ఎగుమతిదారులు దానిని విదేశీ కొనుగోలుదారుల కోసం సంపాదించారు, స్వదేశంలో దానిని అడిగే వినియోగదారులు అరుదు.

వైద్యం చివరికి బట్ట మీద నుంచి చర్మం మీదికి దృష్టి మళ్లించింది. చర్మపు పైపొరను ఇటుకగోడలా పట్టి ఉంచే ‘ఫిలాగ్రిన్’ అనే ప్రొటీనుకు సంబంధించిన జన్యువులో లోపమున్నవారికి ఎగ్జిమా ముప్పు చాలా ఎక్కువని 2006లో స్కాట్లండులోని డండీ పరిశోధకులు కనుగొన్నారు. గోడ పగుళ్లిచ్చినప్పుడు తలుపుకు పట్టుగుడ్డ కట్టి లాభమేమిటన్న ప్రశ్నకు 2017లో బ్రిటన్ నుంచి జవాబు వచ్చింది: మూడు వందల మంది ఎగ్జిమా పిల్లల మీద జరిపిన పరీక్షలో, వైద్యానికి ఖరీదైన పట్టు లోదుస్తులు జోడించినందువల్ల అదనపు మేలేమీ కనిపించలేదు. జంతువుల పోగే మేలని నమ్మిన యేగర్ శిష్యులకు రుచించని ఫలితమే ఇది.

ఈ చరిత్రంతా తెలిసిన చర్మవైద్యుడు ఎగ్జిమా ఉన్న మగవాడికి నేడు చెప్పే ఎంపికలో పాత తరాల అనుభవాలన్నీ పొరలుగా కనిపిస్తాయి. పొడుగు పోగులు ఏరి దువ్విన నూలుతో గాని, చెట్టు గుజ్జు నుంచి తీసిన మెత్తని మోడల్ పోగుతో గాని అల్లిన బట్ట. తొడ మీద తొడ ఒరుసుకోకుండా కొంత కాలున్న ట్రంకు. ముందు భాగంలో సంచిలా వంపు తిప్పి కుట్టినందువల్ల బిగించకుండానే దొరికే ఆధారం. గజ్జ మడతలో కాక పక్కకు జరిపిన, బల్లపరుపుగా ఉండే కుట్లు. కుట్టిన లేబులు బదులు అచ్చు. రబ్బరు నేరుగా తగలకుండా నూలు గొట్టంలో దాచిన నడుము పట్టీ. నూలు తన బరువులో సుమారు ఎనిమిది శాతం తేమను గాలి నుంచే పట్టుకోగలదు, పాలియెస్టరు అర శాతం కూడా పట్టదు. అయితే తడిసిన నూలు నెమ్మదిగా ఆరుతుంది కనుక, చెమట పట్టే పనిలో ఉన్నవాడు మధ్యలో ఒకసారి మార్చుకోకపోతే ఆ గుణమే దోషమవుతుంది. ఎంత మంచి బట్ట వేసుకున్నా గజ్జల్లో అంచుకట్టి వ్యాపించే మచ్చ కనిపిస్తే అది ఎగ్జిమా కాకపోవచ్చునని హెబ్రా పొరపాటు హెచ్చరిస్తుంది. నడుము చుట్టూ ఉంగరంలా వాపు నిలిచిపోయేవారికి వైద్యులు వీపు మీద అనుమానిత పదార్థాల చుక్కలు అంటించి చూసే ప్యాచ్ పరీక్ష చేస్తారు. ఆ పద్ధతిని యాడస్సోన్ 1895లో ప్రవేశపెట్టాడు. రబ్బరు రసాయనాలే దోషులని తేలినవారి కోసం కొన్ని విదేశీ కంపెనీలు ఇప్పుడు ఎలాస్టిక్ అసలే లేని, రంగు వేయని నూలు డ్రాయర్లు అమ్ముతున్నాయి. మామూలు వాటి కంటే వాటి ధర బాగా ఎక్కువ, నడుము దగ్గర వాటిని బిగించేది గొట్టంలో దూర్చిన నూలు నాడా.